బలానికి ఒడుపే బలం

ప్రవేశిక

శరీరబలం ప్రకృతి ప్రసాదించే వరం. దానిని వినియోగించే నేర్పు మాత్రం మనిషి సాధనతో సంపాదించుకొనే విద్య. బరువులెత్తే క్రీడలో ఈ రెండింటిలో దేనికి పెద్దపీట వేయాలన్న ప్రశ్న చాలాకాలంగా ఉంది. ఒడుపు లేని బలం ప్రయోజనం కంటె ప్రమాదాన్నే ఎక్కువగా తెచ్చిపెడుతుందని, గ్రామీణ యువత ఈ క్రీడను చూసే తీరు మారాలని ప్రతిపాదిస్తున్నది ఈ వ్యాసం.

1

ఒంగోలు నుంచి గిద్దలూరు వైపు సాగే దారిలో, నల్లమల కొండలకు తూర్పున బేస్తవారిపేట ఉంది. చుట్టూ మెట్టభూములు. వాన కురిస్తే పంట, కురవకపోతే వలస. ఇలాంటి నేలమీద బతుకు సాగించాలంటే ఒంట్లో సత్తువ ఉండితీరాలి. మార్కాపురం పలకల గనుల్లో రాయి మోసేవారికీ, కంభం, గిద్దలూరు దారుల్లో లారీలకు బస్తాలు ఎక్కించేవారికీ బరువు ఒక వినోదం కాదు, బువ్వ.

బస్తాలు ఎత్తే చోట కాసేపు నిలబడి గమనించినవారికి ఒక సత్యం బోధపడుతుంది. కొత్తగా పనిలో చేరిన యువకుడు నడుము వంచి, చేతులతో బస్తాను పైకి గుంజుతాడు. కండలు తిరిగిన దేహమైనా నాలుగు బస్తాలు ఎత్తేసరికి రొప్పుతాడు. అదే చోట నడివయసు హమాలీ మోకాళ్లు వంచి కూర్చుంటాడు. బస్తాను ఒంటికి హత్తుకుంటాడు. తొడల బలంతో లేస్తూ తుంటితో ఒక్క ఊపు ఊపుతాడు. బస్తా దానంతట అదే భుజం మీదికి వచ్చి వాలినట్లు కనిపిస్తుంది. కండబలంలో యువకుడు అధికుడే. అయినా సాయంత్రం దాకా నిలిచేది రెండవవాడే. ఆ తేడాకు తెలుగువారు పెట్టుకున్న పేరు ఒడుపు.

ఒలింపిక్ క్రీడల్లో వెయిట్ లిఫ్టింగ్ పేరుతో సాగే పోటీ కూడా సారాంశంలో ఈ ఒడుపుకు సంబంధించిందే. కాని లోకం దానిని కేవలం కండల పోటీగా చూస్తున్నది. ఆ దురభిప్రాయం వల్ల పల్లెల్లో, చిన్న పట్టణాల్లో ఎందరో యువకులు నేర్చుకోవలసిన క్రమాన్ని విడిచి మోయలేని బరువుల మీద పడుతున్నారు. కొందరు నడుము నొప్పితో, మరికొందరు భుజం బెణుకుతో ఆరు నెలలు తిరగకముందే ఆ క్రీడకు దూరమవుతున్నారు. తప్పు వారి బలంలో లేదు. బలాన్ని విద్యగా కాక పంతంగా భావించడంలో ఉంది.

2

తెలుగునేలకు బలాఢ్యుల చరిత్ర కొత్తది కాదు. ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు ఛాతీమీద ఏనుగును నిలుపుకొని, ఇనుప గొలుసులు తెంచి ‘కలియుగ భీముడు’ అన్న బిరుదు పొందారు. 1963లో విడుదలైన ‘నర్తనశాల’ చిత్రంలో భీముడి పాత్ర ధరించిన దండమూడి రాజగోపాల్ బరువులెత్తడంలో పేరెన్నికగన్నవారు. విజయవాడలోని ఇండోర్ స్టేడియం నేటికీ ఆయన పేరుతోనే ఉన్నది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పండుగనాడు సంగిడి రాళ్లు ఎత్తే పందేలు తరతరాలుగా జరిగాయి. ఒంగోలు గిత్తల సీమలో మనుషులకే కాదు, ఎడ్లకు కూడా బండలాగుడు పోటీలు ఉన్నాయి.

ఈ పోటీల్లో రాణించిన వారందరూ ఒడుపు ఎరిగినవారే. బండలాగే ఎడ్లజతను పెంచే రైతును అడిగితే ఈ సంగతి వివరంగా చెబుతాడు. తొలినాడే పెద్దబండ కట్టిన రైతు ఎవడూ లేడు. ముందు కాడికి మెడలు అలవాటు చేస్తారు. తరువాత చిన్న బండ. రెండు ఎడ్లూ ఒకే అదనుకు అడుగు వేయడం నేర్చిన తరువాతనే బరువు పెంచుతారు. ఒకటి ముందుకు, మరొకటి వెనుకకు లాగితే ఎంత బలమైన జత అయినా బండ కదలదు. గొడ్డుకు ఇంత శ్రద్ధగా పాఠం చెప్పే సమాజం, తన బిడ్డ ఇనుప కడ్డీ ముందు నిలబడినప్పుడు మాత్రం ‘ఎత్తరా, చూద్దాం’ అని ఉసిగొల్పడం విడ్డూరం.

3

1896లో ఏథెన్స్‌లో జరిగిన తొలి ఆధునిక ఒలింపిక్స్‌లోనే బరువులెత్తే పోటీకి చోటు దక్కింది. నేడు ఈ క్రీడలో రెండు విధానాలు ఉన్నాయి. నేలమీది కడ్డీని ఎక్కడా ఆపకుండా ఒక్క ఊపున తలపైకి చేర్చడం స్నాచ్. ముందు భుజాల మీదికి తెచ్చి, అక్కడినుంచి తలపైకి నెట్టడం క్లీన్ అండ్ జెర్క్. ఒక్కొక్క విధానంలో మూడేసి అవకాశాలు ఉంటాయి. రెండింటిలో ఎత్తిన అత్యధిక బరువులను కూడి విజేతను నిర్ణయిస్తారు. పురుషుల కడ్డీ బరువు 20 కిలోలు, స్త్రీల కడ్డీ బరువు 15 కిలోలు. నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు ఉన్న వేదిక మీద ఈ కథంతా కొన్ని క్షణాల్లో ముగిసిపోతుంది.

ఒకప్పుడు మూడవ విధానం కూడా ఉండేది. దాని పేరు ప్రెస్. భుజాల మీది కడ్డీని కాళ్ల ఊపు లేకుండా చేతుల బలంతోనే పైకి నెట్టాలన్నది దాని నియమం. కాలక్రమంలో పోటీదారులు నడుమును విల్లులా వెనుకకు వంచి బరువు నెట్టసాగారు. ఏది సరైన లిఫ్టో, ఏది కాదో తేల్చడం న్యాయనిర్ణేతలకు కష్టమైంది. నడుముకు ప్రమాదమన్న ఆందోళన కూడా పెరిగింది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ తరువాత ఆ విధానాన్ని తొలగించారు. పద్ధతి చెడినచోట క్రీడ నిలవదని ఈ క్రీడాచరిత్రే నిరూపించింది.

బలానికి, దేహపరిమాణానికి ఉన్న సంబంధాన్ని గురించి లోకం ఏర్పరచుకున్న భ్రమను తొలగించినవాడు నయీమ్ సులేమనోగ్లు. ఐదడుగులైనా లేని ఈ తుర్కియే క్రీడాకారుడు 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 60 కిలోల విభాగంలో క్లీన్ అండ్ జెర్క్‌లో 190 కిలోలు ఎత్తాడు. అది తన దేహం బరువుకు మూడురెట్ల పైమాట. కండలు ఎంత పెంచినా కడ్డీ నడిచే దారి తప్పితే ఇది అసాధ్యం.

4

తెలుగువారికి ఈ క్రీడ అనగానే స్ఫురించే పేరు కరణం మల్లేశ్వరి. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస ప్రాంతంలోని ఊసవానిపేటలో 1975లో ఆమె జన్మించారు. పన్నెండేళ్ల ప్రాయంలో నీలంశెట్టి అప్పన్న వద్ద శిక్షణ ఆరంభించారు. 1994, 1995 సంవత్సరాల్లో 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేతగా నిలిచారు. 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో తొలిసారిగా స్త్రీలకు బరువులెత్తే పోటీలు పెట్టారు. ఆ సెప్టెంబరు 19న 69 కిలోల విభాగంలో ఆమె స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యపతకం గెలుచుకొన్నారు. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమె.

ఆ దినం జరిగిన మరొక సంగతిని లోకం అంతగా గుర్తుంచుకోలేదు. స్వర్ణం గెలిచిన చైనా క్రీడాకారిణి లిన్ వైనింగ్, రజతం గెలిచిన హంగరీ క్రీడాకారిణి ఎర్జెబెత్ మార్కుష్ ఇద్దరూ ఎత్తినది 242.5 కిలోలే. దేహం బరువు తక్కువైనందువల్ల చైనా క్రీడాకారిణికి స్వర్ణం దక్కింది. మల్లేశ్వరి చివరి ప్రయత్నంగా 137.5 కిలోలు కోరుకొన్నారు. ఆ లిఫ్టు నిలిచి ఉంటే మొత్తం 247.5 కిలోలై స్వర్ణం ఆమెదే. అది నిలవలేదు. కాంస్యానికీ స్వర్ణానికీ నడుమ ఉన్న దూరం రెండున్నర కిలోలు. ఒక చంటిబిడ్డ బరువు కూడా లేని దూరం అది.

ఆ చివరి లిఫ్టు ఎందుకు చేజారిందన్నది ఇక్కడ విచారణీయం కాదు. మహాబలవంతుల మధ్య పోటీలో జయాపజయాలను విడదీసే రేఖ ఎంత సన్ననిదో గ్రహించడమే ముఖ్యం. ఒలింపిక్ వేదిక దాకా చేరినవారందరూ బలవంతులే. అక్కడ మిగిలే తేడా కడ్డీ కొన్ని అంగుళాలు ముందుకు పోవడం, మడమ ఒక్క క్షణం ముందుగా లేవడం, మోచేయి అర క్షణం ఆలస్యంగా తిరగడం వంటి స్వల్ప విషయాల్లోనే ఉంటుంది. ఆ స్వల్ప విషయాలను తొలినాటి నుంచే దిద్దుకొన్నవారే ఆ వేదిక దాకా రాగలుగుతారు. పన్నెండేళ్ల పల్లెపిల్లకు మొదట దొరికింది బరువు కాదు, గురువు. ఈ ఒక్క సంగతిని గ్రామీణ యువత మరచిపోరాదు.

5

ఒడుపు అంటే మాయ కాదు. దానికి శాస్త్రం ఉంది. భౌతికశాస్త్రంలో తులాదండ సూత్రం చదివిన విద్యార్థికి ఇది సులభంగా అర్థమవుతుంది. బరువు నడుముకు ఎంత దూరంలో ఉంటే నడుము మీద పడే భారం అంత హెచ్చు. తుంటికి పది సెంటీమీటర్ల దూరంలో ఉన్న కడ్డీ ఇరవై సెంటీమీటర్ల దూరానికి జరిగితే, బరువు మారకపోయినా అది నడుమును వంచే శక్తి రెట్టింపవుతుంది. అందుకే కడ్డీ పిక్కలను, తొడలను రాసుకొంటూ పైకి రావాలని శిక్షకులు పదేపదే చెబుతారు. నిండుబిందెను చంకన హత్తుకొని నడిచే పల్లెపడుచు ఈ సూత్రాన్ని పుస్తకం చదవకుండానే పాటిస్తున్నది.

నేలనుంచి కడ్డీ కదిలేటప్పుడు వెన్ను నిటారుగా, గట్టిగా ఉండాలి. పాదం మొత్తం నేలను తాకుతూ ఉండాలి. బొటనవేలిని కడ్డీకి చుట్టి, దానిపై మిగిలిన వేళ్లను బిగించి పట్టుకోవాలి. మొదట నొప్పిగా అనిపించినా ఈ పట్టు ఎంతటి ఊపుకూ జారదు. కడ్డీ మోకాళ్లు దాటేదాకా తొందర పనికిరాదు. ఇక్కడే చాలామంది ఓర్పు కోల్పోతారు. నేలమీదనే కడ్డీని బలంగా కుదిపి లాగుతారు. తుంటి ముందుగా లేచిపోతుంది. భారమంతా నడుము మీద పడుతుంది. కడ్డీ తొడల పైభాగానికి చేరిన తరువాతనే తుంటి, మోకాలు, చీలమండ మూడూ ఒక్కసారిగా చాచుకోవాలి. రోకటిపోటు వేసే స్త్రీ రోకలిని చేతులతో కాక దేహమంతటి ఊపుతో ఎగరవేసినట్లు, కడ్డీని దేహమంతా కలిసి పైకి విసరాలి. అప్పటిదాకా చేతులు కేవలం తాళ్లు. తాళ్లు వంగితే ఊపు అక్కడే ఆగిపోతుంది.

అన్నిటికన్నా ఆశ్చర్యకరమైన సంగతి తరువాతిది. గొప్ప లిఫ్టర్లు స్నాచ్‌లో కడ్డీని తలదాకా లాగరు. నడుముకు కాస్త పైకి చేరగానే తామే మెరుపులా దాని కిందికి దిగి, గొంతుకూర్చొని, చాచిన చేతులతో దానిని అందుకొంటారు. ఆ తరువాత లేచి నిలబడతారు. అంటే బరువును పైకి పంపడం సగం విద్య. దాని కిందికి దూరడం మిగిలిన సగం. భయం ఉన్నవాడు దూరలేడు. చీలమండలు, తుంటి, భుజాలు బిగుసుకుపోయినవాడు దూరాలనుకొన్నా దూరలేడు. అందుకే కీళ్ల సౌలభ్యం ఈ క్రీడలో కండలతో సమానమైన ఆస్తి.

క్లీన్ అండ్ జెర్క్‌లో భుజాల మీదికి వచ్చిన కడ్డీని పైకి నెట్టేటప్పుడు కూడా ఇదే నీతి. మోకాళ్లను కొద్దిగా, నిటారుగా వంచి, కాళ్ల బలంతో కడ్డీని లేపి, ఒక కాలు ముందుకు, మరొక కాలు వెనుకకు వేస్తూ దాని కింద నిలదొక్కుకోవాలి. ఛాతీ ముందుకు వాలితే కడ్డీ ముందుకే పోతుంది. ఆ దశలో దానిని ఆపడానికి ప్రయత్నించరాదు. విడిచిపెట్టి తప్పుకోవాలి. విడవవలసిన క్షణాన్ని గుర్తించడం కూడా ఒడుపులో భాగమే. ఎత్తడం నేర్పే ముందు దించడం, వదలడం నేర్పని శిక్షణ అసంపూర్ణం.

6

బలం సమృద్ధిగా ఉన్నవారికి కూడా ఒడుపును దిద్దుకోవలసిన అవసరం ఉంటుందనడానికి మణిపూర్‌కు చెందిన మీరాబాయి చాను జీవితం నిదర్శనం. ఆమె బాల్యంలో కొండప్రాంతంలో కట్టెల మోపులు మోసినదే. 2016 రియో ఒలింపిక్స్‌లో క్లీన్ అండ్ జెర్క్‌లో మూడు ప్రయత్నాలూ విఫలమై ఫలితం లేకుండా వెనుదిరిగారు. మరుసటి ఏటనే ప్రపంచ విజేత అయ్యారు. అయినా స్నాచ్ ఆమెను వేధిస్తూనే ఉంది. భుజాల్లోని అసమతౌల్యం అందుకు కారణమని తేలడంతో, 2020 చివరలో అమెరికాలోని సెయింట్ లూయీ నగరానికి వెళ్లి ఒక నిపుణుని పర్యవేక్షణలో కదలికలను దిద్దుకొన్నారు. 2021 ఏప్రిల్‌లో క్లీన్ అండ్ జెర్క్‌లో 119 కిలోలతో ప్రపంచ రికార్డు నెలకొల్పారు. ఆ జూలైలో టోక్యోలో 87, 115, మొత్తం 202 కిలోలతో రజతపతకం పొందారు. ప్రపంచ విజేత అయిన తరువాత కూడా తొలి పాఠానికి తిరిగి వెళ్లగలగడం ఆమె గొప్పతనం. ‘నాకంతా తెలుసు’ అనుకొన్నవారికి ఈ క్రీడలో తరువాతి మెట్టు ఉండదు.

దీనికి విరుద్ధమైన దారి కూడా ఒకటి ఉంది. ఓర్పుతో సాధించవలసిన దానిని మందుతో సాధించాలనుకొనే దారి అది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ఇద్దరు భారతీయ లిఫ్టర్లు నిషిద్ధ ఉత్ప్రేరకాల పరీక్షలో పట్టుబడ్డారు. ఆ అప్రతిష్ఠ వారిద్దరితో ఆగలేదు. ప్రపంచమంతటా ఇటువంటి ఘటనలు పెరిగి, ఒలింపిక్స్‌లో ఈ క్రీడ మనుగడనే ప్రశ్నించే స్థితి వచ్చింది. ఉత్ప్రేరకం కండను పెంచగలదు గాని కడ్డీ దారిని సరిచేయలేదు. హృదయానికీ, కాలేయానికీ అది చేసే కీడు వేరు. ఊరిలోని వ్యాయామశాలలో ఎవరో చెప్పిన మాట నమ్మి తెలియని పొడులు, సూదిమందులు వాడే యువకుడు తన దేహాన్ని తానే తాకట్టు పెడుతున్నాడని గ్రహించాలి.

7

ఈ అభిప్రాయానికి రెండు ఆక్షేపణలు వినవస్తాయి. బలమే లేనప్పుడు ఒడుపు ఏం చేస్తుందన్నది మొదటిది. నిజమే. బలం లేని ఒడుపు నీరులేని కాలువ. కాని కాలువ లేని నీరు ఊరిని ముంచుతుంది. కంభం చెరువును చూసినవారికి ఈ మాట తేలికగా అర్థమవుతుంది. విజయనగర రాజుల కాలంలో ఆ చెరువును నిర్మించినవారు గుండ్లకమ్మ ప్రవాహాన్ని మైదానంలో ఎదిరించలేదు. రెండు కొండల నడుమ సందును ఎంచుకొని అక్కడ కట్ట పోశారు. కట్ట చిన్నది, నిలిచిన నీరు పెద్దది. శ్రమను ఎక్కడ పెట్టాలో తెలిసినవారి పని అది. బలాన్ని పెంచవద్దని ఎవరూ అనరు. ఒడుపు నేర్చినంత మేరకే బరువు పెంచాలన్నదే ఇక్కడి వాదం.

రెండవ ఆక్షేపణ ఇంకా బరువైనది. పట్టణాలకు దూరంగా ఉన్న మండల కేంద్రంలో కడ్డీలు ఎక్కడివి, శిక్షకులు ఎక్కడివారు అని ప్రశ్నిస్తారు. ఈ ప్రశ్న న్యాయమైనదే. అయితే దీనికి తెలుగునేలే ఒక జవాబు ఇచ్చింది. చీరాల, బాపట్ల నడుమ ఉన్న స్టూవర్టుపురం గ్రామం బ్రిటిష్ పాలనలో నేరస్థ తెగల చట్టం పేరిట ఒక జాతి మొత్తానికి వేసిన నిందను మోసింది. ఆ చట్టం 1952లో రద్దయినా నింద మాత్రం చాలాకాలం వదలలేదు. అదే ఊరిలో పుట్టిన రాగాల వెంకట రాహుల్ 2014లో నాన్‌జింగ్ యూత్ ఒలింపిక్స్‌లో రజతం గెలిచాడు. 2018లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో 338 కిలోలు ఎత్తి స్వర్ణపతకం తెచ్చాడు. ఊరికి పడిన పాతపేరును ఒక కుర్రవాడు తన భుజాలతో పక్కకు నెట్టాడు. సౌకర్యాలు అంతంతమాత్రమైన ఊళ్లనుంచి విజేతలు రారన్న వాదం ఇక చెల్లదు.

అంతమాత్రాన పాలకుల బాధ్యత తీరిపోదు. వ్యాయామశాల అంటే ఇనుప సామాను కొని గదిలో పేర్చడం కాదు. శిక్షకుడు లేని వ్యాయామశాల ఉపాధ్యాయుడు లేని పాఠశాల వంటిది. బల్లలు ఉంటాయి, చదువు ఉండదు. లక్షలు పోసి సామాను కొనేటప్పుడు, ఆ సామానుతో పాటు తర్ఫీదు పొందిన ఒక మనిషిని కూడా నియమించాలి. నాలుగైదు మండలాలకు ఒక శిక్షకుడు వారానికి ఒకనాడు వచ్చి దిద్దినా ఎంతో మేలు. కళాశాల వ్యాయామ అధ్యాపకులకు ఈ క్రీడలోని ప్రాథమిక పద్ధతుల్లో శిక్షణ ఇప్పిస్తే ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

8

విద్యార్థులు చేయగలిగినవి కూడా కొన్ని ఉన్నాయి. తొలి నెలల్లో కావలసింది ఇనుము కాదు. నునుపైన ఒక వెదురుకర్ర చాలు. దానితోనే గొంతుకూర్చోవడం, తలపైకి చాచి పట్టుకోవడం, తుంటి చాచడం అలవాటు చేసుకోవాలి. కదలికను ముక్కలుగా విడదీసి నేర్చుకోవాలి. మొదట తొడల వద్దనుంచి, తరువాత మోకాళ్ల వద్దనుంచి, చివరకు నేలనుంచి ఎత్తడం అభ్యసించాలి. కర్రతో తప్పు చేసేవాడు కడ్డీతో ఆ తప్పును పదింతలు చేస్తాడు. కడ్డీ చేతికి వచ్చిన తరువాత కూడా ఒకటి, రెండు, మూడు సార్లకు మించకుండా, తాను ఎత్తగల గరిష్ఠ బరువుకు చాలా తక్కువలో శుద్ధంగా ఎత్తడమే సాధన. అలసట వచ్చాక చేసే అభ్యాసం తప్పునే కంఠస్థం చేయిస్తుంది.

నేడు ఇంటింటా ఉన్న చరవాణి ఈ విషయంలో మంచి సహాయకారి. పక్కనుంచి చిత్రీకరించి, వేగం తగ్గించి చూస్తే కడ్డీ దేహానికి ఎంత దూరంగా పోతున్నదో, మడమ ఎప్పుడు లేస్తున్నదో స్పష్టంగా కనిపిస్తుంది. ఒకనాడు ఒక తప్పునే దిద్దుకోవాలి. అన్నిటినీ ఒకేసారి సరిచేయబోయినవాడు ఏదీ సరిచేయలేడు. అయితే చరవాణి అద్దం మాత్రమే. అది ముఖాన్ని చూపుతుంది గాని మసిని తుడవదు. ఆ పని అనుభవజ్ఞుడైన గురువుది. నొప్పి వచ్చినప్పుడు దాచకుండా చెప్పడం, నిద్రకూ ఆహారానికీ సమయం ఇవ్వడం, తోటివాని బరువును చూసి తన బరువు పెంచకపోవడం శిష్యుని ధర్మం.

ఇలా నేర్చినవారందరూ ఒలింపిక్స్‌కు వెళ్లకపోవచ్చు. వెళ్లేది వేలల్లో ఒకరే. కాని మిగిలినవారి శ్రమ వృథా కాదు. రేపు ఆ యువకుడు లారీమీదికి బస్తా ఎక్కించవచ్చు, పొలంలో ఎరువుల మూట ఎత్తవచ్చు, ఆసుపత్రిలో రోగిని మంచం మార్చవచ్చు. నడుము వంచి గుంజే అలవాటు పోయి, మోకాళ్లు వంచి బరువును దగ్గరకు తీసుకొని లేచే అలవాటు ఒంటికి పట్టి ఉంటే అరవై ఏళ్లు వచ్చినా నిటారుగా నడుస్తాడు. శ్రమను నమ్ముకొని బతికే సీమలో ఇది పతకానికి తీసిపోని ఫలం.

బేస్తవారం అంటే ఆ ప్రాంతపు వాడుకలో గురువారం. గురువు పేరు కలిగిన వారాన్ని తన పేరులోనే నిలుపుకొన్న ఊరు బేస్తవారిపేట. గురువు లేని విద్య గుడ్డివిద్య అని పెద్దలు ఊరకే అనలేదు. మెట్టసీమ బిడ్డలకు బలం పుట్టుకతోనే ఉంది. దానికి దారి చూపే గురువును చేర్చే బాధ్యత సమాజానిది. ఆ దారిలో తొందరపడకుండా నడిచే బాధ్యత వారిది.

పదాలు – అర్థాలు

ఒడుపు : నేర్పు, పనిచేసే తీరు
సత్తువ : బలం
అదను : తగిన సమయం
పేరెన్నికగన్న : ప్రసిద్ధి పొందిన
విచారణీయం : ఆలోచించదగినది
తులాదండం : త్రాసు కోల
అసమతౌల్యం : సమానత లేకపోవడం
ఉత్ప్రేరకం : శక్తిని కృత్రిమంగా పెంచే పదార్థం
ఆక్షేపణ : అభ్యంతరం
చరవాణి : చేతిఫోను

అభ్యాసం

అ) ఈ క్రింది ప్రశ్నలకు విపులంగా సమాధానాలు రాయండి.
1. ‘బలం లేని ఒడుపు నీరులేని కాలువ. కాని కాలువ లేని నీరు ఊరిని ముంచుతుంది.’ ఈ వాక్యాలను వ్యాసంలోని ఉదాహరణలతో సమర్థించండి.
2. గ్రామీణ ప్రాంతాల్లో బరువులెత్తే క్రీడ అభివృద్ధికి ఏమి చేయాలని వ్యాసం సూచిస్తున్నది? మీ అభిప్రాయాన్ని జోడించి రాయండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. ప్రెస్ విధానాన్ని ఒలింపిక్స్‌నుంచి ఎందుకు తొలగించారు?
2. మీరాబాయి చాను జీవితం నుంచి విద్యార్థులు గ్రహించవలసిందేమిటి?
3. ఎడ్లజత శిక్షణకు, లిఫ్టర్ శిక్షణకు ఉన్న పోలిక ఏమిటి?

ఇ) సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. పన్నెండేళ్ల పల్లెపిల్లకు మొదట దొరికింది బరువు కాదు, గురువు.
2. కర్రతో తప్పు చేసేవాడు కడ్డీతో ఆ తప్పును పదింతలు చేస్తాడు.